గిల్మక్క లెక్కలోకి రాని తమ్ముడు

గిల్మక్క ఎవరింటికి వెళ్లినా ముందు వంటింటి బల్ల ఖాళీ చేయించేది. తర్వాత సంచిలోంచి చిన్న చిన్న మూటలు తీసి విప్పేది. ఒకదాంట్లో మొక్కజొన్న గింజలు, ఒకదాంట్లో ఎర్ర చిక్కుడు గింజలు, ఇంకోదాంట్లో కాఫీ గింజలు. ఆడవాళ్లకు మొక్కజొన్న, మగవాళ్లకు చిక్కుడు. తాతముత్తాతలు బల్ల పై అంచున, వాళ్ల కింద పిల్లలు, ఆ కింద మనవలు. ఎవరికి ఎప్పుడైనా మనసు చెడిందో వాళ్ల గింజ పక్కన ఒక కాఫీ గింజ.

కాగితం తీసి గీతలు గీస్తే ఆల్తో బొనీతో అనే ఈ కొండ ఊళ్లో ఎవరూ నోరు విప్పరు. కాగితం కనపడితే చాలు, వాళ్లకు పొలం సరిహద్దులూ కోర్టు వాయిదాలూ గుర్తొస్తాయి. గింజలకైతే భయం లేదు. ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ మూగి, మా చిన్నాన్నను అక్కడ పెట్టావేంటి, ఆయన మా అత్తకంటే పెద్దవాడు అని తగవు మొదలుపెడతారు. ఒకసారి హోయోస్ వాళ్లింట్లో కోడి బల్ల మీదికెగిరి ఒక చిక్కుడు గింజను మింగేసింది. అందరూ అవాక్కయ్యారు. ఆ ఇంటి ముసలావిడ మాత్రం నింపాదిగా అంది, "పోనీలేవే గిల్మా. బతికున్నప్పుడూ ఆయనంతే. అన్నం వేళకు ఉండేవాడు, పని వేళకు మాయమయ్యేవాడు."

నేను గిల్మక్క ఇంట్లో పై గదిలో అద్దెకుంటున్న ముసలివాణ్ణి. ఓడల్లో పనిచేశాను, ఉప్పు గనుల్లో ఉన్నాను, పాత పుస్తకాల బండి తోసుకుంటూ చాలా రేవుల్లో తిరిగాను. ఈ కొండ మీద వారం రోజులుందామని బస్సు దిగాను, జుట్టు ఇక్కడే తెల్లబడింది. గిల్మక్క నన్ను వెంట తిప్పుకోవడం నా చదువు చూసి కాదు. కుక్కలు నన్ను చూసి మొరగవు, అదొక్కటే నాలో ఆమె మెచ్చిన గుణం.

తిరిగిన ప్రతిచోటా నేను గమనించినది ఒకటుంది. పిచ్చికి ప్రతి ఊరూ తనకు నచ్చిన కారణం చెప్పుకుంటుంది. సముద్రం ఒడ్డున గాలి సోకిందంటారు. గనుల దగ్గర దీపం పొగ తలకెక్కిందంటారు. పాత పుస్తకాల్లో అయితే మరీ చదివినందువల్లే మతి పోయిందని రాసి ఉంటుంది, అది రాసినవాళ్లు చదవనివాళ్లా అని నాకెప్పుడూ అనుమానం. ఈ కాఫీ కొండల్లో కారణాలకు లోటే లేదు. ఒకామె వేడి వేడిగా ఇస్త్రీ చేసి వెంటనే చలిగాలిలోకి వెళ్లింది. ఒకడు ప్రేమించిన పిల్ల వేరొకరిని చేసుకుంది. ఇంకొకడికి పక్కింటావిడ కాఫీలో ఏదో కలిపింది. ఒకే కడుపున పుట్టిన ముగ్గురికి మూడు కారణాలు చెబుతారు కానీ, ముగ్గురినీ ఒకేసారి చూడరు.

ముగ్గురినీ ఒకేసారి చూడడమే గిల్మక్క పని. ఆమె మొదట ఊరి ఆరోగ్య కేంద్రంలో సూదులేసే సహాయకురాలు. నగరంలోని విశ్వవిద్యాలయం నుంచి కొందరు వచ్చి, ఈ కొండల్లో కుటుంబాలు పెద్దవి, తరతరాలుగా ఇక్కడే ఉన్నాయి, మనసు జబ్బులు కూడా కొన్ని ఇళ్లల్లో ఎక్కువగా ఉన్నాయి, వాటి మూలం రక్తంలో ఎక్కడుందో వెతుకుతాం, మాకు ఇళ్లు తిరిగే మనిషి కావాలి అన్నారు. గిల్మక్క సరేనంది. అప్పటికి పెళ్లి మాట ఎత్తేవాళ్లు కూడా ఎత్తడం మానేశారు. తల్లిని చూసుకుని, చూసుకుని, తల్లి పోయాక చూసుకోవడానికి ఊరు మిగిలింది.

జనానికి ఆమె చెప్పే తీరు నాకు నచ్చేది. "మీ ఇంటికీ మా ఇంటికీ నీళ్లెక్కణ్ణుంచి వస్తాయి? పైనున్న ఊటలోంచే కదా. ఒకరింట్లో కుళాయి సన్నగా కారుతుంది. ఒకరింట్లో గోడకెగిరి కొడుతుంది. ఇంకోరింట్లో నీళ్లు రాకపోయినా గొట్టం గుసగుసలాడుతుంది. మనం ఎవరి కుళాయిని వాళ్లం తిట్టుకుంటున్నాం. పట్నం వాళ్లేమో, కొండెక్కి ఊట చూద్దాం అంటున్నారు."

"చూసి ఏం చేస్తారంట?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు.

"చూశాక చెబుతారు. చూడకుండా చెప్పేవాళ్లు మనకు ఊళ్లో చాలామంది ఉన్నారుగా."

అలా చెప్పి చేయి చాపమనేది. ఆమె సూది గుచ్చితే దోమ కుట్టినంత కూడా ఉండదని పేరు.

తన సొంత కుటుంబాన్ని కూడా ఆమె బల్ల మీద పరిచింది. సులువాగా అనేది వాళ్ల ఇంటిపేరు. తల్లి పక్కన కాఫీ గింజ పెట్టింది. తల్లి ఏడాదిలో సగం గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. ఒలీవా పెద్దమ్మ పక్కన ఒకటి; ఆవిడ పైనున్న చలి ప్రాంతంలో, బంగాళదుంప చేల మధ్య ఒంటరిగా ఉంటుంది, గోడలతో మాట్లాడుతుంది, గోడలు కూడా మాట్లాడతాయంటుంది. మేనమామ పక్కన ఒకటి. తమ్ముడు ఎవేలియో పక్కన మాత్రం ఏమీ పెట్టలేదు. పెట్టాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. ఊళ్లో మరెవరికీ రాలేదు.

ఎందుకంటే ఎవేలియో మెరుపున్న మనిషి. మెరుపు అనే మాట ఈ ఊళ్లో ఊరికే అనరు. శనివారం సంతలో చిన్న గిటారు పట్టుకుని ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, అప్పటికప్పుడు పాట కట్టి ఒకరినొకరు తిట్టుకుంటారు. ఎదుటివాడు నాలుగో పాదం ముగించేలోపు జవాబు నోట్లో ఉండాలి. ఎవేలియోతో తలపడి నిలిచినవాడు లేడు. మాంసం కొట్టు వాణ్ణి ఒకసారి ఇలా పట్టుకున్నాడు:

"నీ కొట్టులో ఎముక ఎక్కువ, నీ పాటలో కండ తక్కువ,
త్రాసు మీద వేలు తీసి పాడవయ్యా నిజం కొంచెం."

ఆ వారమంతా ఆ కొట్టుకు వెళ్లిన ప్రతివాడూ త్రాసు కేసి చూసి నవ్వాడు.

మెరుపొచ్చిన కాలంలో ఎవేలియోకు నిద్ర అక్కర్లేదు, తిండి అక్కర్లేదు. తేనెటీగలు పెంచుతాననేవాడు, లోయ మీద తీగల దారి వేస్తాననేవాడు, ఉన్న ఒక్క ఆవునూ అమ్మి ఊరికి బాకాలు కొనుక్కొచ్చేవాడు. భుజమ్మీద గొంగళి ఎవరడిగితే వాళ్లకిచ్చేసేవాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు కనపడడం మానేసేవాడు. ఏడీ అనడిగితే అతని భార్య రుబియేలా ఎప్పుడూ ఒకే జవాబు చెప్పేది: గొంతుకు విశ్రాంతి ఇస్తున్నాడు. పాడేవాడికి విశ్రాంతి కావాలి కదా. ఊరంతా తలూపేది. పొరుగూరి నుంచి పోటీకి వచ్చినవాళ్లకు కూడా గర్వంగా చెప్పేవాళ్లు, మావాడు ఇప్పుడు గొంతు దాచుకుంటున్నాడు, వచ్చే కోతలకు రండి అని.

ఎవేలియో కూతురు లూస్ దారీ. రొట్టెల కొట్టులో పిండి పిసికే పని. తండ్రి పోలికే, కానీ మాట నెమ్మది. ఆ ఏడు కాఫీ కోతల సమయంలో, కొట్టులో ఊపిరాడనంత పని ఉన్నప్పుడు, ఆ పిల్ల మంచం పట్టింది. ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వీపు చూసిన క్షణమే గిల్మక్కకు తల్లి గుర్తొచ్చింది. ఇస్త్రీ కారణం, చలిగాలి కారణం ఎవరినీ చెప్పనివ్వకుండా, మేనకోడల్ని రెక్క పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లింది.

వారానికోసారి నగరం నుంచి డాక్టర్ పాలాసియో వస్తుంది. ఈ పరిశోధన చేసేవాళ్లలో ఆమె ఒకరు. రోగులను కూడా చూస్తుంది. పిల్లను చాలాసేపు పరీక్షించి గిల్మక్కను అడిగింది, "మీ ఇంట్లో దీనికి పూర్తిగా ఎదురు రకం ఎవరైనా ఉన్నారా? నిద్ర లేకుండా హుషారుగా ఉండడం, ఆగకుండా మాట్లాడడం, చేతికందింది అమ్మేయడం, అలాంటివాళ్లు?"

"లేరు డాక్టరమ్మా. మాది పడుకునే వంశం. ఒలీవా పెద్దమ్మకు గొంతులు వినపడతాయి, అది మీకు తెలుసు. మిగతావాళ్లంతా మంచాలే."

"గట్టిగా ఆలోచించి చెప్పండి. అలాంటివాళ్లుంటే ఈ దిగులు తగ్గించే మాత్ర ఒక్కటే ఇవ్వడం ప్రమాదం. పైకి లేపాల్సినదానికంటే ఎక్కువ లేపుతుంది."

గిల్మక్క ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను, నేనూ ఆలోచించాను. ఇద్దరికీ ఎవరూ తట్టలేదు. అంతకు ముందు శనివారమే ఇద్దరం సంతలో నిలబడి ఎవేలియో పాటకు చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టి వచ్చాం.

మాత్ర పనిచేసింది. లూస్ దారీ లేచింది, తల దువ్వుకుంది, కొట్టుకు వెళ్లింది. గిల్మక్క చర్చిలో దీపం వెలిగించింది. ఇంకొన్నాళ్లకు పిల్ల మరికొంచెం లేచింది. ఇంటి ముందు గోడకు నారింజ రంగు వేసి, నచ్చక నీలం వేసి, అదీ నచ్చక రెండూ కలిపేసింది. తల్లి వంటపాత్రలు దారిన పోయేవాళ్లకు పంచింది. రొట్టెలు కొనడానికొచ్చిన ప్రతి ఒక్కరినీ తన పెళ్లికి పిలిచింది. పెళ్లికొడుకెవరమ్మా అంటే, "వాడి సంగతి తర్వాత. ముందు మీరొస్తారా రారా చెప్పండి" అంది. ఊరు విరగబడి నవ్వింది. తండ్రి కూతురు, మెరుపు దిగిందమ్మా అన్నారు. మాంసం కొట్టువాడైతే ఆడపిల్లలను కూడా పోటీకి రానిస్తారా అని కంగారుగా వాకబు చేశాడు.

తర్వాత ఒక ఉదయం ఆమె వంతెన కమ్మీ మీదికెక్కి, చేతులు చాపి, పాడుతూ నడిచింది. కింద వానాకాలపు ఏరు. గట్టు మీద జనం చప్పట్లు కొడుతున్నారు. గిల్మక్క పరుగెత్తుకొచ్చింది. ఆ వయసులో ఆ వంతెన దాకా ఆమె ఎలా పరిగెత్తిందో నాకిప్పటికీ తెలియదు. కేకలు పెట్టలేదు. కమ్మీ పక్కనే, పిల్లతో సమంగా అడుగులేస్తూ, ఏదో సరుకుల గురించి మాట్లాడుతున్నట్టు మాట్లాడింది. "నీకు ఆ పచ్చ శాలువా నచ్చిందన్నావు కదే, ఇప్పుడే తీసిచ్చేస్తా, దిగు. నీకొద్దంటే మీ అమ్మకిచ్చేస్తా." అమ్మకు అనేసరికి పిల్ల దిగింది.

గిల్మక్క ఆమెను వాటేసుకుని గట్టు మీద జనం కేసి చూసింది. వాళ్ల చేతులు ఇంకా చప్పట్లలోనే ఉన్నాయి. ఆ చప్పట్లు ఎక్కడ విన్నదో ఆమెకు అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చాక నాతో ఒక్క మాటే అంది: "తాతా, డాక్టరమ్మకు నేను అబద్ధం చెప్పాను. చెప్పానని తెలియకుండా చెప్పాను."

డాక్టరమ్మ పాత మాత్ర మాన్పించింది. నిద్రకు ఏదో ఇచ్చింది. పిల్ల కొంత కుదుటపడ్డాక, మనసు మరీ పైకెగరకుండా, మరీ కింద పడకుండా పట్టే లిథియం మొదలుపెడదామంది. అది ఎక్కువకాలం వేసుకోవాల్సిన మందు, రక్తం చూపించుకుంటూ ఉండాలి. "ఈసారి ఇంతటితో దిగింది," అంది గిల్మక్కను పక్కకు పిలిచి. "మందు లేకపోతే మళ్లీ మంచం పడుతుంది. ఈ ఎత్తు నుంచి పడితే ఎంత లోతుకు పోతుందోనని నాకు భయం."

లూస్ దారీ మందు ముట్టనంది. మేనత్త వంటింట్లో కూర్చుని, మొక్కజొన్న రొట్టె తుంచి తుంచి బల్ల మీద కుప్ప పెడుతూ చెప్పింది.

"నాన్న వారాల తరబడి నిద్రపోకపోతే బెంచీలెక్కి చప్పట్లు కొడతారు. నేను నిద్రపోకపోతే గొళ్లెం పెడతారు. ఆయనకు మెరుపు, నాకు జబ్బు. ఎలా అత్తా?"

"అది కాదే తల్లీ..."

"నువ్వేగా గింజలు పెట్టేదానివి. నా పక్కన పెట్టావా కాఫీ గింజ?"

గిల్మక్క బల్ల మీది రొట్టె ముక్కలు ఏరసాగింది.

"పెట్టుంటావులే. నాన్న పక్కన పెట్టు ముందు. ఆయన మింగితే నేనూ మింగుతా. ఆయనది పాటైతే నాదీ పాటే."

ఆ పిల్ల మొండితనం నాకు తెలుసు, ఆమె ప్రాణం ఇప్పుడు దేనికి వేలాడుతోందో గిల్మక్కకు తెలుసు. ఊళ్లో అందరికంటే ఎక్కువ చప్పట్లు అందుకున్న మనిషి, తన చప్పట్లను తనే జబ్బు అని ఒప్పుకోవాలి. అంతకు తక్కువైతే కుదరదు.

మర్నాడు పొద్దున్నే ఎవేలియో ఇంటికెళ్లాం. కల్లంలో కాఫీ ఆరబోసి ఉంది. రుబియేలా చెక్క పారతో గింజలు తిరగేస్తోంది. ఎవేలియో అరుగు మీద గిటారు తీగలు బిగిస్తున్నాడు. మమ్మల్ని చూడగానే మొదలుపెట్టాడు.

"రా అక్కా. సూదా, గింజలా? సూదైతే తాతకు గుచ్చు. ఆయన ఒంట్లో రక్తం కాదు, సిరా ఉంటుంది. పట్నం వాళ్లకు సరదాగా ఉంటుంది."

"నీకే గుచ్చడానికొచ్చానురా," అంది గిల్మక్క అరుగు మీద కూర్చుంటూ.

"నాకెందుకు? నేను మంచం వంశం కాదు. నాన్న పోలిక."

"నాన్న పోలికైతే మాట్లాడకుండా పని చేసేవాడివి."

రుబియేలా నవ్వు ఆపుకుంది. గిల్మక్క తిన్నగా విషయానికొచ్చింది. వంతెన, చప్పట్లు, మందు, పిల్ల పెట్టిన షరతు అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఎవేలియో ఒకే తీగను బిగిస్తూ వదులుతూ ఉన్నాడు.

"అంటే ఏంటక్కా," అన్నాడు చివరికి, "నా పాట జబ్బంటావు."

"పాట జబ్బు అనలేదు."

"ఆవు అమ్మడం జబ్బు, తేనెటీగలు జబ్బు, బాకాలు జబ్బు. మిగిలిందేంటి? ఎవేలియో సులువాగా, మీసాలు. అంతేనా? మీసాలతో సంతలో నిలబడమంటావా?"

"పిల్ల కోసం అడుగుతున్నాన్రా."

"పిల్లకు నేను నచ్చజెబుతా. నా మాట వింటుంది."

"నీ మాట వినే కమ్మీ ఎక్కింది."

అది గట్టిగా తగిలింది. ఎవేలియో లేచి గిటారు గోడకు ఆనించాడు. "మందు వేసుకున్నవాళ్లను చూశానక్కా. చెక్కబొమ్మల్లా ఉంటారు. నన్ను అలా చేసి దాన్ని బాగుచేస్తారా? నేను నెమ్మదించినప్పుడు తీసుకునేది విశ్రాంతి, అంతే. ప్రతి పాటగాడూ తీసుకుంటాడు. రుబియేలాను అడుగు."

రుబియేలా పార తిప్పడం ఆపలేదు. తల కూడా ఎత్తలేదు.

"నన్నడక్కు. నేను చెబితే నీకు బాగుండదు."

"చెప్పవే. అక్కకు చెప్పు, విశ్రాంతే కదా?"

"ఆ మాట నేనే పుట్టించాను," అంది రుబియేలా. "మా పెళ్లయిన మూడో ఏడు. పక్కింటామె అడిగితే నోటికొచ్చింది, గొంతుకు విశ్రాంతి అని. బాగుందని అదే చెప్పుకుంటూ వచ్చాను. నువ్వు లోపల దుప్పటి కప్పుకుని, నన్ను పోనివ్వండి, పోనివ్వండి అంటూ ఉండేవాడివి. ఎక్కడికి అని అడిగితే దూలం కేసి చూసేవాడివి."

కల్లంలో గింజలు గలగలమంటున్నాయి.

"ఇంట్లో తాళ్లన్నీ ఏరి మా అక్క ఇంట్లో దాచాను, వదినా. బట్టలారేసే తాడుతో సహా. కంచరగాడిదను అరటినార పేని కట్టాను. అది రోజూ తెంపుకునేది, రోజూ పేనేదాన్ని. ఆయన లేచి తిరిగాక ఆ నార చూశాడు. నేను తాడు కొనలేని పిసినారినని పాట కట్టి సంతలో పాడాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చెయ్యను?"

ఆ పాట నాకు గుర్తుంది. నేనూ నవ్వినవాళ్లలో ఉన్నాను. మంచి పాట.

ఎవేలియో భార్య వీపు కేసి చూశాడు. 

"తాళ్లు ఇప్పుడెక్కడున్నాయి?" అన్నాడు.

"అక్కడే ఉన్నాయి. మళ్లీ తెచ్చుకునే ధైర్యం రాలేదు. ఇప్పుడు పిల్లక్కూడా దాచాలి."

అతను కల్లంలోకి దిగాడు. ఆమె చేతిలోంచి పార తీసుకుని తనే తిరగేయడం మొదలుపెట్టాడు. పార తలకిందులుగా పట్టుకున్నాడు. ఆమె సరిచేసింది. "అలా కాదు. ఎప్పుడైనా చేస్తే కదా."

"డాక్టరమ్మ ఎప్పుడొస్తుందక్కా?" అనడిగాడు ఇటు తిరక్కుండానే.

ఆమె వచ్చిన రోజున కూతురితో సహా నలుగురూ లోపలికి వెళ్లారు, నేను బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు సగమే వేశారు. ఈ ఊళ్లో తలుపు పూర్తిగా వేస్తే జనం ఇంకా ఎక్కువ వింటారు. ఎవేలియో మొదట సంతలో పాడినట్టే మొదలుపెట్టాడు. డాక్టరమ్మకు ఒక పొగడ్త, నర్సుకు ఒక చురక, తన మీద తనకొకటి. డాక్టరమ్మ నవ్వింది, నవ్వి అలాగే ఎదురుచూసింది. లూస్ దారీ గొంతు వినపడింది.

"నాన్నా, తాళ్ల సంగతి చెప్పు."

 అతను చెప్పాడు. ఎప్పుడూ అంత నెమ్మదిగా మాట్లాడగా నేను వినలేదు. దూలం గురించి చెప్పాడు. పైకెక్కినప్పుడు తన మాటలు తనకే అందకుండా ముందు పరుగెడతాయని, అప్పుడు చప్పట్లు వాటికి కొరడా దెబ్బల్లా ఉంటాయని చెప్పాడు. ఆవును అమ్మిన రోజు కూతురు ఏడ్చిందనీ, ఆ ఏడుపు తనకు బాకా చప్పుడులో వినపడలేదనీ చెప్పాడు.

"నాకు గుర్తుంది," అంది లూస్ దారీ. "దాని పేరు పలోమా."

"పలోమా," అన్నాడు తండ్రి.

గిల్మక్క అంది, "ఆ రోజు మీరు అడిగితే లేరన్నాను డాక్టరమ్మా. నాదే తప్పు."

"ఊరంతా లేరనే అంటుంది," అంది డాక్టర్ పాలాసియో. "మనం పడుకున్నవాళ్లనే లెక్కపెట్టాం. అన్ని ఇళ్లకూ మళ్లీ వెళ్లాలి గిల్మా. ఈసారి ఎవరికి చప్పట్లు కొట్టారో కూడా అడగాలి."

"అన్ని ఇళ్లకూనా?"

"అన్నిటికీ."

"అయితే కొత్త చెప్పులు కొనుక్కోవాలి," అంది గిల్మక్క.

రక్తం తీసేటప్పుడు ఎవేలియో మొహం పక్కకు తిప్పుకున్నాడట. దోమ కుట్టినంత కూడా ఉండదన్నారే, ఇది దున్నపోతు కుమ్మినట్టుంది అన్నాడు.  ఇంత రక్తం ఇచ్చాను కదా, నా సంగతేంటో ఎప్పుడు తేలుతుందని అడిగాడు.

"ఈ రక్తం మీకేమీ చెప్పదు," అంది డాక్టరమ్మ. "ఇలాంటి వేలమందిది కలిపి చూస్తే ఎప్పటికో ఏదో కొంచెం తెలుస్తుంది. అందులో మీ అమ్మాయికి, మీకు, ఒలీవా గారికి ఏది ఉమ్మడో తెలిస్తే తెలియొచ్చు. ఈ రోజు మీ అమ్మాయికి పనికొచ్చింది మాత్రం మీరు చెప్పిన మాటే."

"మరి మందు వేసుకుంటే పాట పోతుందా?"

"చెప్పలేను. కొందరికి కొంచెం నిదానిస్తుంది. కొందరికి ఏమీ కాదు. పోదని మాటివ్వను."

ఎవేలియో కూతురి కేసి చూశాడు కాబోలు, ఆమె అంది, "నిదానిస్తే మంచిదేలే నాన్నా. నువ్వు తిట్టిన తిట్టు వాళ్లకు అర్థమయ్యేలోపే ఇంకో తిట్టులో ఉండేవాడివి. ఈసారి వాళ్లకు బాగా తగులుతుంది."

"తాతా," అని లోపల్నుంచే నన్ను కేకేశాడు ఎవేలియో, "విన్నావా? దీన్ని పోటీకి దింపితే నాకు అన్నం ఉండదు."

రక్తమూ మూత్రమూ పరీక్షలయ్యాయి. మూత్రపిండాలు బాగున్నాయన్నారు. తండ్రీ కూతుళ్లకు ఒకే మందు వేర్వేరు కొలతల్లో ఇచ్చారు. ఆ తర్వాత పాట ఏమైందని ఊళ్లో ఇప్పటికీ వాదనలున్నాయి. మునుపటిలా లేదని కొందరు, మునుపటికంటే పదును పెరిగిందని కొందరు. నా మట్టుకు నేను ఆ వాదనలో దిగను. సంతకు అతను అన్ని శనివారాలూ వెళ్లడం లేదు. వెళ్లినప్పుడు రుబియేలా ముందు వరుసలో కూర్చుంటోంది.

గిల్మక్క కొత్త చెప్పులు కొనుక్కుని ఇళ్లన్నీ మళ్లీ తిరుగుతోంది. అవే బల్లలు, అవే తగవులు. ఇప్పుడు ఒక్కో ఇంట్లో మెరుపున్న మనిషి పేరెత్తితే ముందు కోపాలు, తర్వాత ఎవరో ఒకామె వంటింటి మూల నుంచి మెల్లగా, అయితే మా ఆయన సంగతి కూడా చెప్పనా అనడం. కొన్నిళ్లల్లో పొద్దుగుంకినా లేవనివ్వరు.

మొన్న పైనున్న చలి ప్రాంతానికి, ఒలీవా పెద్దమ్మను చూడ్డానికి వెళ్తూ దారిలో ఎవేలియో ఇంటి దగ్గర ఆగాం. తండ్రీ కూతుళ్లు వంటింట్లో ఉన్నారు. చెరో గ్లాసు నిండా నీళ్లు. రుబియేలా పొయ్యి మీద బెల్లం నీళ్లు మరిగిస్తోంది.

"వేసుకున్నావా?" అన్నాడు ఎవేలియో.

"వేసుకున్నా. నువ్వో?"

"నేనెప్పుడో వేసుకున్నా."

"ఏదీ, నోరు తెరు."

"ఛా, నేను నీ నాన్ననే."

"అందుకే చెబుతున్నా. నాలుక ఎత్తు."

అతను గిల్మక్క కేసి చూశాడు, అక్క ఏమైనా అడ్డొస్తుందేమోనని. గిల్మక్క గుమ్మంలో నిలబడి, చెప్పుల్లో చేరిన మట్టి దులుపుకుంటోంది.

"ఎత్తరా," అంది. "మాకు కొండెక్కాల్సిన పనుంది."

ఎవేలియో నాలుక ఎత్తాడు. మాత్ర అక్కడే ఉంది. లూస్ దారీ తన గ్లాసులో మిగిలిన నీళ్లు ముందుకు జరిపి, అతను మింగేదాకా కూర్చుంది.